కంప్యూటరు ముందు మన పేరు

బిడ్డకు తల్లిదండ్రులిచ్చే మొదటి ఆస్తి పేరు. ఇల్లూ పొలమూ లేని నిరుపేద సైతం ఈ ఆస్తిని ఇవ్వగలడు. ముస్లిం కుటుంబాలలో శిశువు చెవిలో అజాన్ వినిపించి, ఏడవనాడు అఖీఖా జరిపి పేరు పెడతారు. హిందూ కుటుంబాలలో బారసాలనాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో ఆ పేరు వ్రాస్తాడు. ఒకచోట చెవిలో పలికి, మరొకచోట బియ్యంలో వ్రాసి ఇచ్చే ఈ ఆస్తికి దస్తావేజు అక్కరలేదని మన పెద్దలు భావించారు. కాలం మారింది. నేడు ఆ పేరు మనదేనని సాక్ష్యం చెప్పవలసినది కంప్యూటరు. అది ఒప్పుకుంటేనే మనం మనం. కాదంటే మనమెవరమో మనమే ఋజువు చేసుకోవాలి.

నేను ఈ కళాశాలలో చదువుకొని, ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవాడిని. వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, కృత్రిమ మేధను గురించో విదేశీ ఉద్యోగాలను గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉంటారు. వాటిని గురించి వ్రాసేవారు ఎందరో ఉన్నారు. చూడడానికి అంతకంటే చిన్నదిగా ఉండి, మన విద్యార్థుల జీవితాలలో అంతకంటే పెద్ద ముల్లుగా గుచ్చుకుంటున్న విషయాన్ని నేను ఎన్నుకున్నాను. ఇందులో నా అపరాధం కూడా కొంత ఉన్నది గనుక, దీనిని గురించి మాట్లాడే బాధ్యత నాకున్నదని భావిస్తున్నాను.

ముందుగా కంప్యూటరు ఒక పేరును ఎలా చూస్తుందో తెలుసుకోవాలి. దానికి అక్షరం తెలియదు, శబ్దం తెలియదు. తెలిసినది అంకె ఒక్కటే. రోమన్ లిపిలోని చిన్న 'ఏ' అక్షరానికి దాని లెక్కలో 97. చిన్న 'ఇ' అక్షరానికి 101. మహమ్మద్ అనే పేరు చివరి భాగంలో ఒక గుమాస్తా 'ఏ' వ్రాసి, మరొక గుమాస్తా 'ఇ' వ్రాస్తే, మనకు అది ఒకే పేరు. యంత్రానికి మాత్రం ఒకచోట 97, మరొకచోట 101. ఈ రెండూ సమానం కావు గనుక ఆ మనుషులిద్దరూ ఒకరు కారు. యంత్రం ఇందులో పక్షపాతమేమీ చూపలేదు, ద్వేషమూ లేదు. అంకెలను సరిచూడమన్నాం, సరిచూసింది.

అరబ్బీలోనూ ఉర్దూలోనూ ఆ పేరుకు మీమ్, హే, మీమ్, దాల్ అని నాలుగే అక్షరాలు. శతాబ్దాలుగా ఆ వ్రాతలో మార్పు లేదు. రోమన్ లిపిలోనికి వచ్చేసరికి మొదటి అచ్చు 'ఓ' కావచ్చు, 'యు' కావచ్చు, 'ఏ' కావచ్చు. మధ్యలో 'ఎం' ఒకటి కావచ్చు, రెండు కావచ్చు. చివరి అచ్చు 'ఏ' కావచ్చు, 'ఇ' కావచ్చు. ఇవి చాలనట్లు కాగితంలో చోటు చాలక 'ఎం.డి.' అనీ, 'మొహద్' అనీ సంక్షేపాలు పుట్టాయి. షేక్ అనే మాటకు రోమన్‌లో కనీసం నాలుగు రూపాలు మన హాజరుపట్టీలోనే కనిపిస్తాయి. వీటిలో ఏది సరియైనదని తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు. బడిలో చేర్చుకున్న ఉపాధ్యాయుడు ఒక విధంగా, రేషను కార్డు వ్రాసిన గుమాస్తా మరొక విధంగా, ఆధార్ కేంద్రంలో కీలు నొక్కిన కుర్రవాడు ఇంకొక విధంగా వ్రాశారు. తండ్రికి ఇంగ్లీషు రాదు. ఏమి వ్రాశారో చదవలేదు. చదివినా అభ్యంతరం చెప్పే ధైర్యం లేదు.

ఇది ముస్లిముల సమస్య మాత్రమేనని మన తెలుగు మిత్రులు అనుకోరాదు. లక్ష్మి అనే పేరును రోమన్‌లో రెండు మూడు విధాలుగా వ్రాయడం అందరికీ అనుభవమే. పైగా మనది ఇంటిపేరు ముందు వచ్చే సంప్రదాయం. పాశ్చాత్యుల దరఖాస్తులో 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గళ్లుంటాయి. తెలుగువాడు మొదటి గడిలో ఏమి వ్రాయాలి? మొదట వచ్చేది ఇంటిపేరు. కాని వారడిగేది అది కాదు. ఆంధ్ర గ్రామాలలోని ముస్లిములు షేక్, సయ్యద్, పఠాన్ అనే మాటలను ఇంటిపేరువలె ముందు వాడుకుంటారు. అక్కడా ఇదే చిక్కు. ఒకే పేరు గలవారికి అమెరికా వీసాలో మొదటి గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అనే మూడక్షరాలు పడతాయి. వాటి అర్థం 'మొదటి పేరు తెలియదు' అని. తెలియకపోవడం యంత్రం వంతు. అది పేరుగా మారి మెడలో పడడం మనిషి వంతు!

ఇక నా అపరాధం సంగతి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, ఒక సంస్థకు చెందిన రెండు జాబితాలలోని మనుషులను సరిపోల్చే ప్రోగ్రాం వ్రాసే పని నాకు అప్పగించారు. రెండు జాబితాలలోనూ పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. అక్షరం పొల్లుపోకుండా సరిపోతే అంగీకరించాలి, లేకుంటే తిరస్కరించాలి అని నియమం పెట్టాను. అది వ్రాయడానికి ఒక్క పంక్తి చాలు. పరీక్షకోసం నేను కల్పించుకున్న పేర్లన్నీ చక్కని ఇంగ్లీషు పేర్లు. అన్నీ సరిపోయాయి. పై అధికారి మెచ్చుకున్నాడు. ఆ రోజు నా పేరునే రెండు విధాలుగా వ్రాసి పరీక్షించి ఉంటే ఆ ప్రోగ్రాం నన్నే తిరస్కరించి ఉండేది. ఆ ఆలోచన నాకు రాలేదు. ఎందుకు రాలేదని తరువాత ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. కార్యాలయంలో అడుగుపెట్టగానే నేను నా ఇంటిని గుమ్మం బయట విడిచి వెళ్లడం నేర్చుకున్నాననే సమాధానం తప్ప మరొకటి దొరకలేదు. విదేశీ సహోద్యోగుల సౌకర్యంకోసం నా పేరును రెండక్షరాలకు కుదించుకున్నవాడిని. ఇతరుల పేర్లను గురించి ఆలోచించే తీరిక నాకెక్కడిది?

చేసిన పని చాలా ఏళ్లకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా అక్క కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీలో చేరాడు. ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టాడు. పదవ తరగతి మెమోలో అతని పేరు ముందు 'ఎం.డి.' అని ఉన్నది. ఆధార్‌లో పూర్తి పేరు. బ్యాంకు పుస్తకంలో 'మొహద్'. దరఖాస్తు ఆగిపోయింది. మా అక్క అతనిని వెంటబెట్టుకొని ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగింది. చివరిసారి నేనూ వెళ్లాను. కౌంటరులో ఉన్న ఉద్యోగి మర్యాదస్తుడు. కాగితాలన్నీ చూశాడు, కుర్రవాడి ముఖమూ, ఫోటోలూ చూశాడు. 'ఇతడే అతడని నాకు తెలుస్తూనే ఉన్నదండీ. కాని సిస్టం ఒప్పుకోవడం లేదు' అన్నాడు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకున్నది. అక్కడ ఉన్న మనిషికి సత్యం తెలుసు. తెలిసినా చేయగలిగినది లేదు. అతని చేతులు కట్టినది సిస్టం. ఆ సిస్టం ఆకాశంనుండి ఊడిపడలేదు. నావంటివాడు ఎవడో ఒక మధ్యాహ్నం ఒక్క పంక్తిలో వ్రాసి, పని అయిపోయిందని టీ త్రాగడానికి లేచి వెళ్లాడు. ఆ సంవత్సరం ఫీజుకోసం మా అక్క గాజులు తాకట్టు పెట్టింది. సవరణలన్నీ పూర్తయి డబ్బు చేతికి వచ్చేసరికి ఆ విద్యాసంవత్సరం గడిచిపోయింది. మా కుటుంబానికి ఆదుకునే మేనమామ ఒకడున్నాడు. లేనివారి సంగతి ఏమిటి? చదువు మానుకున్న పిల్లవాడు పేదరికంవల్ల మానుకున్నాడని లోకం అనుకుంటుంది. ఒక అచ్చు తేడావల్ల మానుకున్నాడని ఏ లెక్కలోనూ ఎక్కదు.

అయితే దీనికి పరిష్కారం లేదా? శబ్దాన్నిబట్టి పేర్లను పోల్చే పద్ధతి ఒకటి నూరేళ్లకు పూర్వమే పుట్టింది. 'సౌండెక్స్' అనే ఆ విధానానికి అమెరికాలో 1918లో పేటెంటు లభించింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించబడి, ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యకు శ్రీకారం చుట్టిన సంవత్సరమూ అదే. ఈ విధానంలో పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను విడిచి, ఒకే తీరున పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. ఆ ప్రకారం మహమ్మద్ పేరుకున్న పూర్తి రూపాలన్నీ 'ఎం530' అవుతాయి. లక్ష్మి ఎన్ని విధాల వ్రాసినా 'ఎల్250'. చూడడానికి ఎంత బాగున్నది! కాని 'ఎం.డి.', 'మొహద్' అనే సంక్షేపాలు 'ఎం300' అయి మళ్లీ వేరుపడతాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఇదే లెక్కలో సల్మా, సలీం ఇద్దరూ 'ఎస్450'. రాము, రమ, రేణు ముగ్గురూ 'ఆర్500'. ఇంగ్లీషు పేర్లకోసం కుట్టిన చొక్కా మనకు ఒకచోట బిగుతు, మరొకచోట వదులు.

కనుక నియమాన్ని సడలిస్తే చాలునని చెప్పడం తొందరపాటు అవుతుంది. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు పదిమంది ఉండడం మనలో సహజం. ఉదారంగా సరిపోల్చే యంత్రం ఒకరి డబ్బును మరొకరి ఖాతాలో వేయవచ్చు. ఒకరి అప్పును మరొకరి నెత్తిన రుద్దవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. కఠిన నియమాన్ని సమర్థించేవారి వాదనలో ఈమేరకు న్యాయమున్నది, దానిని కాదనలేను.

నా అభిప్రాయం ఇది: యంత్రం సందేహించవచ్చు, తీర్పు చెప్పరాదు. పేర్లు కొంత పోలి, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చిరునామా సరిపోయినప్పుడు యంత్రం 'కాదు' అనకూడదు, 'చూడండి' అనాలి. చూసే అధికారం కౌంటరులోని మనిషికి ఉండాలి. ఆ మనిషి తాను చూసినదానికి సంతకం చేయాలి. తప్పు చేస్తే జవాబు చెప్పాలి. అన్నింటికంటే ముఖ్యం, సందేహం తీరేవరకు భారాన్ని విద్యార్థి మీద వేయకూడదు. అక్షరం మార్చినది వ్యవస్థ అయినప్పుడు, ఋజువు చేసే బాధ్యత మాత్రం పదిహేడేళ్ల పిల్లవాడిది కావడం ఏ ధర్మశాస్త్రంలోని న్యాయం?

ఈ మాట నా ఒక్కడి కోరిక కాదు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు, సి.బి.ఎస్.ఇ. ధ్రువపత్రాలలో పేర్ల సవరణకు సంబంధించిన వ్యాజ్యాలలో తీర్పు చెబుతూ, పేరు వ్యక్తి గుర్తింపులో అంతర్భాగమని, తన పేరు మీద వ్యక్తికి గల అధికారం రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రసాదించిన భావప్రకటన స్వేచ్ఛలోనిదని గుర్తించింది. న్యాయస్థానం గుర్తించిన హక్కు ప్రోగ్రాములోని పంక్తివరకు దిగిరావాలి. అంతవరకు అది గ్రంథంలో మిగిలిన ధర్మమే.

ఇంకొక లోతైన ప్రశ్న ఉన్నది. ఉర్దూలో పుట్టిన పేరుకు, తెలుగులో పుట్టిన పేరుకు మధ్యవర్తిగా రోమన్ లిపి ఎందుకు? వెనుక ఒక కారణముండేది. కంప్యూటర్లకు మన లిపులు తెలియవు. ప్రపంచ లిపులన్నింటికీ తలా ఒక సంఖ్యాశ్రేణిని కేటాయించిన యూనికోడ్ మొదటి సంచిక 1991లో వెలువడింది; అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు లిపి సాధారణ వినియోగదారుని బల్లమీదికి చేరింది. ఉర్దూ నస్తాలీఖ్ కథ మరింత కష్టమైనది. అక్షరం ప్రక్క అక్షరం చేరినప్పుడల్లా రూపం మారి, ఏటవాలుగా జారే ఆ లిపిని యంత్రంలో అమర్చడానికి 1981లో నూరీ నస్తాలీఖ్ వెలువడేవరకు ఉర్దూ పత్రికలకు కాతిబుల చేతివ్రాతే దిక్కు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్‌తో ఆ పని సామాన్య ముద్రణాలయానికి అందుబాటులోనికి వచ్చింది.

నేడు ఆ సాకు చెల్లదు. మన లిపులు చేతిఫోనులో సైతం ఉన్నాయి. ఐనా వాటిని యంత్రం అతిథివలె చూస్తున్నది గాని ఇంటివానివలె చూడడం లేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరపు ఒకానొక కూర్పు కంటబడగానే ఐఫోనులోని సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ నెలలోనే దానిని సరిచేశారు. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరమే ఆ యంత్రానికి మింగుడుపడకపోవడం విచిత్రం! ఉర్దూలో 'యే', 'కాఫ్' అక్షరాలకు అరబ్బీ రూపమూ ఉర్దూ రూపమూ వేర్వేరు సంఖ్యలు. మాట మధ్యలో ఇవి కంటికి ఒకే విధంగా కనిపిస్తాయి, యంత్రానికి వేరు. అందుచేత కేవలం లిపి మార్చినంత మాత్రాన సమస్య తీరిపోదని గ్రహించాలి. రోమన్‌నుండి తెలుగులోనికి యంత్రం చేత మార్పించినప్పుడు 'బానో' 'బనో' కావడం, 'పద్మ' 'పడ్మ' కావడం నేను స్వయంగా చూశాను. ముందు తల్లిభాషలో పేరును సరిగా వ్రాసుకొని, దానినుండి రోమన్ రూపాన్ని పొందడం న్యాయమైన దారి. మనం తలక్రిందులుగా నడుస్తున్నాం.

మన వార్షిక సంచికనే చూడండి. కుడివైపునుండి తెరిస్తే ఉర్దూ. ఎడమవైపునుండి తెరిస్తే తెలుగు. రెండు వైపులనుండి వచ్చిన పాఠకులు నడుమ ఒకచోట కలుసుకుంటారు. ఎవరి లిపిని ఎవరూ వదులుకోనక్కరలేదు. ఒకే బైండింగులో ఇద్దరికీ చోటున్నది. ఈ చిన్న పుస్తకం చేయగలిగిన పనిని కోట్ల రూపాయల యంత్రాలు చేయలేవా? చేయగలవు. చేయమని అడిగేవారు లేరు; అంతే.

విద్యార్థులకు పెద్దన్నగా రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది ఈ రోజే చేయవలసిన పని. ఇంటికి వెళ్లి మీ పదవ తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకచోట పెట్టి, మీ పేరును అక్షరమక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే పరీక్షల సమయంవరకు, దరఖాస్తు గడువువరకు ఆగకండి. ఆధార్‌లో పేరు సవరణకు సాధారణంగా జీవితంలో రెండు అవకాశాలే ఉంటాయి గనుక తొందరపడి ఒకటి వృథా చేసుకోకండి. మెమోలో ఉన్న రూపాన్నే ఆధారంగా తీసుకోండి. తమ్ముళ్లను, చెల్లెళ్లను బడిలో చేర్చేటప్పుడు పేరును మీరే వ్రాసి ఇవ్వండి, 'ఎం.డి.' వంటి సంక్షేపాలు వ్రాయనివ్వకండి. చదువురాని పొరుగింటివారికి కూడా ఈ సహాయం చేయండి.

రెండవది, రేపు కంప్యూటరు వృత్తిలో ప్రవేశించబోయే వారికి. మీరు తయారుచేసే దరఖాస్తులో పేరుకు ఒకే గడి ఉంచండి. దానిని పొడుగ్గా ఉంచండి. ఎవరి పేరును వారు ఏ క్రమంలో వ్రాసుకుంటారో అలాగే వ్రాసుకోనివ్వండి. మీ ప్రోగ్రాం పూర్తయిందని అధికారికి చెప్పేముందు మీ అమ్మ పేరుతో, అమ్మమ్మ పేరుతో, మీ వీధిలోని పాలవాని పేరుతో పరీక్షించండి. వారిని అది గుర్తించలేకపోతే మీ పని ఇంకా పూర్తికాలేదని తెలుసుకోండి. ఇరవై రెండేళ్ల క్రితం ఈ మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే, ఎవరో ఒక తల్లి గాజులు ఆమె చేతికే ఉండేవి.

మా అమ్మకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె ఫోనులో ఉర్దూ అక్షరాలున్నా, కళ్లు సహకరించక, గొంతుతోనే సందేశాలు పంపుతుంది. ప్రతి సందేశమూ నన్ను చిన్ననాటి పేరుతో పిలిచి మొదలుపెడుతుంది. ఆ పేరు నా మెమోలో లేదు, ఆధార్‌లో లేదు, కార్యాలయంలో మెడకు వేలాడే కార్డుమీద లేదు. అంకెలు ఏవీ సరిపోవు. ఐనా పిలుపు వినగానే పలుకుతాను. మనిషిని గుర్తించడమంటే ఏమిటో ఆ పిలుపుకు తెలుసు. మనం తయారుచేసే యంత్రాలు ఆ ఎత్తుకు ఎదగలేకపోవచ్చు. కాని ఆ పిలుపుకు పలికేవారిని 'నీవెవరు?' అని వాకిట నిలబెట్టే అధికారం వాటికి ఇవ్వకుండా ఉండడం మన చేతిలో ఉన్నది.